షరతు ఉన్న నోటు

మధురానగర్, హైదరాబాద్
8 సెప్టెంబరు 2024

అత్తా,

అక్షరాలు పెద్దవిగా రాయమన్నావు కదా, ఇవి చాలా? జ్వరం నీ చెవులు పట్టుకుపోయిన దగ్గర్నుంచి మన మధ్య ఫోను పనికిరాకుండా పోయింది గానీ, నిజం చెప్పనా, ఉత్తరం రాయడం నాకు ఇష్టంగా ఉంది. ఫోనులో అయితే "తిన్నావా", "తిన్నాను" దగ్గరే ఆగిపోయేవాళ్ళం.

రెండో ఏడాది క్లాసులు మొదలయ్యాయి. లా అంటే సెక్షన్లు బట్టీ పట్టడం అనుకున్నాను. కాదు అత్తా, అంతా మాటలే. పూచీ, జప్తు, తనఖా, వకాల్తా. మా కాశీవిశ్వనాథం సారు పాఠమంతా ఇంగ్లీషులో చెప్పి, చివర్లో తెలుగు మాట బోర్డు మీద రాస్తారు. నేను ఒక్కటీ వదలకుండా రాసుకుంటాను. బస్సులో ఆ మాటల్ని నోట్లో తిప్పుకుంటూ కూర్చుంటే దిగాల్సిన స్టాపు దాటిపోతోంది.

ముందు పూజిత సంగతి చెప్పాలి. నా గదిలో ఉండే డాన్సరు అమ్మాయి, కరీంనగర్ వాళ్ళు. షూటింగులు లేని నెలల్లో ఒక ఫైనాన్సు అతని దగ్గర ఇరవై వేలు తీసుకుంది. నెలకు నూటికి పది రూపాయల వడ్డీ! ఖాళీ చెక్కు మీద సంతకం కూడా పెట్టించుకున్నాడు. తీసుకున్నదానికి రెండింతలు కట్టినా అసలు అలాగే ఉందంటాడు. డాన్సు గ్రూపులో అందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తానంటాడు. సారును అడిగి నేనే అతనికి ఉత్తరం రాశాను. లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేస్తున్నారు, చెక్కు తిరిగి ఇవ్వకపోతే పోలీసులకు ఫిర్యాదు చేస్తాం అని. వారం తిరక్కుండా చెక్కు తెచ్చి ఇచ్చిపోయాడు! పూజిత నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పి, "నీ పెన్నుల ఏందో ఉన్నదే!" అంది. ఆ రోజు నుంచి నేను కాళ్ళు నేల మీద పెట్టి నడవడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వారం బోర్డు మీద రాసిన మాట 'కాలదోషం'. ఎంత బాగుందో చూడు. ప్రో నోటు రాసి మూడేళ్ళు దాటితే దానికి కాలదోషం పడుతుంది, ఇక దాని మీద కోర్టులో దావా నడవదు. ఆ మూడేళ్ళలోపు అప్పు తీసుకున్నవాళ్ళు ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే మాత్రం గడువు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. నాన్న ఆపరేషనుకని కృష్ణానగర్ మెస్సు సత్యలక్ష్మి ఆంటీకి నువ్వు రాసిచ్చిన లక్షన్నర నోటు తేదీ నాకు గుర్తుంది. 2021 నవంబరు ఇరవై. ఇంతవరకు నువ్వు చెల్లు వేయలేదు, ఆవిడా వేయించుకోలేదు. వచ్చే నవంబరు ఇరవై దాటితే చాలు.

అందుకని నా మాట విను. అప్పటిదాకా ఆవిడకు డబ్బు పంపకు, ఉత్తరం రాయకు, దేని మీదా సంతకం పెట్టకు. నాన్న ఎలాగూ దక్కలేదు. చెవి మిషన్ల కోసం నువ్వు దాచుకున్న తొంభై వేలు నీ చెవులకే ఉండాలి. నువ్వు మళ్ళీ నా గొంతు వినాలి. నాకు ఇంకేమీ వద్దు.

నీ షాలిని


గుణదల, విజయవాడ
19 సెప్టెంబరు

షాలూ తల్లీ,

కళ్ళద్దాలు లేకుండానే చదివాను. పక్కనుంచి పోతూ కాన్వెంటు సిస్టరు గారు కూడా చదివేశారు, అంత పెద్ద అక్షరాలు. కొంచెం తగ్గించు.

పూజిత చెక్కు వెనక్కి తెప్పించావు, మంచి పని చేశావు. మీ నాన్న ఉంటే కృష్ణానగర్‌లో తన తోటి లైటుమెన్లు అందరికీ టీలు తాగించేవాడు, "మా షాలిని" అంటూ, డబ్బులు నన్ను ఇమ్మని.

ఇక్కడ నా కుట్టు క్లాసులో పిల్లలు జాకెట్టు కత్తిరింపు దాకా వచ్చారు. ఫిల్మ్ నగర్‌లో ముప్పై ఏళ్ళు సినిమాలకు బట్టలు కుట్టానంటే, ఏ హీరోయిన్‌కి అని అడిగారు. హీరోయిన్ వెనకాల వరసలో నిలబడేవాళ్ళకి అన్నాను. ఇప్పుడు ఏ పాట వచ్చినా టీవీ ముందు కూర్చుని వెనక వరస చూస్తున్నారు, పాపం.

కాలదోషం సంగతి అర్థమైంది. చదువుకున్నదానివి, ఊరికే చెప్పవు. ఆలోచిస్తాను.

ఈలోపు ఒక పని చెయ్యి. ఈ ఆదివారం చర్చి అయ్యాక సత్యలక్ష్మి మెస్సుకు పోయి భోజనం చెయ్యి. ఏ కూర వండిందో నాకు రాయి. నువ్వు అటు పోవడం మానేశావని తెలుసు. ఎలా తెలిసిందని అడగకు.

మీ అత్త
తెరెసా


మధురానగర్
24 సెప్టెంబరు

అత్తా,

దోసకాయ పప్పు, గుత్తివంకాయ, మజ్జిగ పులుసు. కూర రాయమన్నావు, రాశాను. మిగతాది కూడా విను.

ఆ సందులో బైకుల మధ్య నుంచి పక్కకి తిరిగి నడుస్తూ రెండుసార్లు వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. ఆవిడ గుమ్మంలోనే కనిపించింది.

"ఎవరమ్మా అది? లాయరమ్మా! దారి తప్పి వచ్చావా, దావా వెయ్యడానికి వచ్చావా?"

"భోజనానికి వచ్చానాంటీ."

"మీ నాన్న పోయాక ఈ గుమ్మం తొక్కితే బాకీ అడుగుతాననుకున్నావు కదూ? కూర్చో. విస్తరి ముందు కూర్చున్నవాళ్ళని నేనేమీ అడగను. చెయ్యి కడుక్కున్నాక అడుగుతాను."

నిజంగానే చెయ్యి కడుక్కున్నాక అడిగింది. మెస్సు ఉన్న ఇల్లు పడగొడుతున్నారట. ఓనరు డిసెంబరుకల్లా ఖాళీ చేయమన్నాడు. రహమత్ నగర్‌లో ఒక చోటు దొరికింది, రెండు లక్షలు అడ్వాన్సు అడుగుతున్నారు, ఆవిడ దగ్గర సగమే ఉంది. మిగతా సగం కుదరకపోతే పొయ్యి ఆర్పేసి పాలకొల్లు పోవాల్సిందే అంది. నవ్వుతూనే అంది, కానీ వంటగదిలో గంటెల చప్పుడు ఆగిపోయింది. అందరూ వింటున్నారని అర్థమైంది.

తర్వాత వాళ్ళబ్బాయి సుహాస్ వచ్చాడు. ఏదో కంపెనీలో ఉద్యోగం, మెస్సు లెక్కలు అతనే చూస్తాడట. నోటు గడువు సంగతి అతనికి తెలిసిపోయింది.

"మా వాడికి నా మాట మీద నమ్మకం లేదమ్మడూ, కాగితం మీదే ఉంది," అంది ఆంటీ. "మీ అత్త చేత వెనకాల పది రూపాయలు చెల్లు వేయించి, సంతకం పెట్టించి తీసుకురా. ఆ తర్వాత వీలున్నప్పుడే ఇస్తుంది. నేను విజయవాడ పోయి ఆవిడతో సైగలు చేయలేను."

అని లోపలికి పోయి, వెంకటేశ్వరస్వామి పటం వెనక నుంచి నోటు తీసి, పార్శిల్ కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. నీ సంతకం ఉన్న అసలు నోటు, అత్తా! అప్పిచ్చినవాళ్ళు నోటును చేయి దాటనివ్వరని సారు ఎన్నిసార్లు చెప్పారో. సుహాస్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మా! ఒరిజినల్ ఇచ్చేస్తున్నావా? జిరాక్స్ ఇవ్వు!"

"జిరాక్స్ మీద చెల్లు వేస్తారంట్రా? పోయి పులుసు కలుపు."

భోజనం డబ్బులు తీసుకోలేదు.

గదికి వచ్చి చూపిస్తే పూజిత కళ్ళు ఇంతయ్యాయి. "చింపి పారెయ్‌రాదే! గామె దగ్గర ఇంకేం సబూత్ ఉంటది? ఫైనాన్సోని చెక్కైతే గప్పుడే చింపినం గదా. ఫికర్ చెయ్యకు, జర సోచాయించు."

సోచాయించాను. చింపను. అంత చెడ్డదాన్ని కాదు. కానీ నీకు పంపను కూడా. కాంట్రాక్టు చట్టం పుస్తకంలో భద్రంగా పెట్టాను. నవంబరు ఇరవై ఒకటిన నేనే తీసుకెళ్ళి ఆవిడ చేతికి ఇచ్చేస్తాను. చింపితే తప్పు. ఊరికే ఆగితే తప్పు కాదు కదా?

షాలిని


గుణదల
2 అక్టోబరు

షాలినీ,

ఆ నోటు వెంటనే రిజిస్టరు పోస్టులో పంపు.

నీకు తెలియనిది ఒకటుంది. నువ్వు అప్పుడు కాలేజీ, ఆసుపత్రి మధ్య తిరుగుతున్నావని చెప్పలేదు. తర్వాత చెప్పడానికి నాకు మనసు రాలేదు.

ఆపరేషన్ చేయాలంటే మధ్యాహ్నంలోపు డబ్బు కట్టమన్నారు. పొద్దున్నే ఫిల్మ్ నగర్ పోయి మా కాస్ట్యూమ్స్ కంపెనీలో అడిగాను. సినిమా రిలీజ్ అయ్యాక చూద్దామన్నారు. యూనియన్ వాళ్ళు చందా ఎత్తుతామన్నారు, ఎప్పటికో తెలియదు. వెనక్కి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. అప్పుడు సత్యలక్ష్మి రోజూలాగే క్యారియర్ పట్టుకుని వచ్చింది. పై గిన్నెలో పెరుగన్నం. అడుగు గిన్నెలో డబ్బు. ఆ వారమే చీటీ పాడి తెచ్చుకున్న డబ్బు. "లెక్కపెడుతూ కూర్చోకు, పోయి కట్టు" అంది. కాగితం అడగలేదు. ఎప్పుడిస్తావనీ అడగలేదు.

నోటు నేను రాశాను షాలినీ. రెండు రోజుల తర్వాత పోస్టాఫీసుకు పోయి రెవెన్యూ స్టాంపు నేనే కొన్నాను. నూటికి రూపాయి వడ్డీ అని నేనే వేశాను. తీసుకెళ్ళి ఇస్తే సత్యలక్ష్మికి ఎంత కోపం వచ్చిందో. "ఏంటి తెరెసా, నన్ను వడ్డీ వ్యాపారిని చేస్తున్నావా?" అంది. కాగితం లేకపోతే ఇది ధర్మం చేసినట్టవుతుంది అన్నాను. మా మైఖేల్ జీవితమంతా షూటింగుల్లో లైట్లు మోసి తిన్నాడు, ధర్మం తినలేదు అన్నాను. ఆవిడ చదవకుండానే మడిచి పటం వెనక పడేసింది.

ఆ ఫైనాన్సు అతను పూజిత భయపడుతుంటే సంతకం పెట్టించుకున్నాడు. ఈ సంతకం నా చేత ఎవరూ పెట్టించలేదు. రెండూ ఒక్కటేనా, నువ్వే చెప్పు.

నాన్న ఎలాగూ దక్కలేదు అని రాశావు. ఆ మాట దగ్గర ఉత్తరం పక్కన పెట్టేశాను. దక్కాడమ్మా. ఆ క్రిస్మస్‌కి మనతో ఉన్నాడు. లేవలేకపోయినా మంచం మీద కూర్చుని వెదురు పుల్లలతో నక్షత్రం కట్టాడు, లోపల బల్బు సరిగ్గా మధ్యలో వేలాడాలని నిన్ను మూడుసార్లు స్టూలెక్కించాడు, గుర్తుందా? నువ్వు లా చదువుతానంటే సరే అన్నది ఆ రోజే. ఫిబ్రవరి దాకా ఉన్నాడు. సత్యలక్ష్మి రాకపోతే నవంబరులోనే పోయేవాడు. ఆ క్రిస్మస్ మనకు ఆవిడ క్యారియర్లో వచ్చింది.

చెవుల సంగతి నేను చూసుకుంటాను. నోటు పంపు.

అత్త


గుణదల
28 అక్టోబరు

షాలూ,

ఉత్తరం లేదు. నోటూ లేదు. తిట్టాననా? పోస్టు వచ్చిందా అని గేటు దగ్గర వాచ్‌మన్‌ని రోజూ అడుగుతున్నాను. లేదని చెప్పడానికి పాపం చెయ్యి ఊపి ఊపి అలసిపోతున్నాడు.

అత్త


మధురానగర్
4 నవంబరు

అత్తా,

నోటు ఈ కవర్లోనే ఉంది. ముందు అది తీసి చూసుకుని, తర్వాత చదువు.

నీ ఉత్తరం చదివిన రోజు నక్షత్రం గుర్తొచ్చి చాలాసేపు ఏడ్చాను. అయినా నోటు పంపలేదు. ఎందుకంటే ఏడుపు తగ్గాక మళ్ళీ నీ చెవులే గుర్తొచ్చాయి. నువ్వు ఒక మాట రాస్తే అటు, ఆసుపత్రి వాళ్ళ మిషన్ల ధరల కాగితం చూస్తే ఇటు. చివరికి సారును అడిగాను. నా స్నేహితురాలి సంగతి అని చెప్పి అడిగాను.

సారు అన్నారు, "కాలదోషం దావాకు పడుతుందమ్మా, బాకీకి కాదు. కోర్టు ఇక నేను అడగను అంటుంది, అంతే. ఇవ్వొద్దని ఎక్కడా చెప్పదు." నేను సరే సార్ అని వచ్చేస్తుంటే వెనక్కి పిలిచారు. "మీ స్నేహితురాలి దగ్గర ఒరిజినల్ ఎందుకుంది?" నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు.

అక్కడి నుంచి నేరుగా మెస్సుకు పోయాను. ఆంటీ నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. చుట్టూ గోతాల్లో గిన్నెలు కట్టేసి ఉన్నాయి. నేను నిలబడే చెప్పేశాను.

"ఆంటీ, నోటు అత్తకి పంపలేదు. గడువు దాటిపోవాలని నా దగ్గరే దాచాను."

"తెలుసు," అంది, తల ఎత్తకుండా.

"ఎలా?"

"విజయవాడకి కవరు పోయి రావడానికి నెలన్నర పట్టిందంటే పోస్టాఫీసుదేనా తప్పు?"

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇచ్చేస్తావు, అందులో ఏముంది. అడక్కుండా ఇస్తావో లేదో అని మా వాడితో పందెం కట్టాను. గడువులోపు నువ్వే తెస్తే వచ్చే నెల ఆదివారాలన్నీ వాడు వడ్డించాలి."

లోపలి నుంచి సుహాస్ గొంతు. "ఇంకో రెండు వారాలు ఆగలేకపోయారా అండీ?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎందుకు దాచానో చెప్పాను. నువ్వు దాచిన తొంభై వేలు, చెవి మిషన్లు, అంతా. ఆంటీ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"మిషన్ల కోసం దాచుకున్న డబ్బా అది? ఆ సంగతి మీ అత్త నాకు చెప్పదులే. మొండిది." కాయల గుట్ట నా వైపు జరిపి, "ఇలా కూర్చుని ఇవి తుంచు, ఊరికే నిలబడి ఏడవకపోతే," అంది.

తుంచాను. గోరుకి పసరు ఇంకా ఉంది. ఈ కాగితం మీద కూడా అంటినట్టుంది.

నిన్ను ఇంతకాలం గేటు దగ్గర నిలబెట్టినందుకు క్షమించు.

షాలిని


గుణదల
11 నవంబరు

షాలూ తల్లీ,

నోటు అందింది. పసరు మరక కూడా అందింది.

పది రూపాయలు చెల్లు వేయమంది కానీ నాకు చెయ్యి రాలేదు. పొయ్యి ఆరిపోయేలా ఉన్న మనిషికి పది రూపాయలేంటి? తొంభై వేలూ బ్యాంకుకు పోయి ఆవిడ ఖాతాలో వేశాను. నోటు వెనక ఇలా రాశాను, సరిగ్గా ఉందో లేదో లాయరమ్మగారు చూడాలి: "ఈ నోటు బాకీ కింద తొంభై వేల రూపాయలు ఈ దినము చెల్లించడమైనది. మిగిలినది నేను బాకీ ఉన్నాను." కింద సంతకం, తేదీ. రాస్తుంటే, చాలా రోజుల తర్వాత సూదిలో దారం ఒక్కసారికే ఎక్కినట్టయింది.

నోటు నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు. చెవి మిషన్ల మాట మళ్ళీ ఎత్తకు. ఇన్నేళ్ళు కుట్టు మిషను చప్పుడు విన్నాను, ఈ చెవులకు కొన్నాళ్ళు సెలవు అనుకో. నీ ఉత్తరాలు నాకు బాగానే వినిపిస్తున్నాయి.

మీ అత్త


రహమత్ నగర్
15 డిసెంబరు

అత్తా,

గది మారలేదు, భయపడకు. సత్యలక్ష్మి ఆంటీ కొత్త మెస్సులో కూర్చుని రాస్తున్నాను. పాత చోటు కంటే చిన్నది, కానీ వంటగదికి కిటికీ ఉంది. ఈ రోజు మొదటి భోజనం. కృష్ణానగర్ నుంచి డాన్సర్లు, ఫైటర్లు, మేకప్ వాళ్ళు అందరూ బైకుల మీద వచ్చారు. పందెం ఓడినవాడు వడ్డిస్తున్నాడు. పూజిత కావాలని మాటిమాటికీ సాంబారు అడుగుతోంది. "గిట్ల వంచితే ఎట్ల సార్, జర మనసుపెట్టి పొయ్యుండ్రి!"

నీకు ఇంకో మంచి కబురు. నాకు శని, ఆదివారాల పని దొరికింది. ఫిల్మ్ నగర్‌లో టీవీ సీరియళ్ళు రాసే ఆఫీసు. కోర్టు సీన్లు రాసిన కాగితాలు నా ముందు పెడతారు. అందులో తప్పుడు మాటలు తీసేసి సరైనవి పెట్టి, శుభ్రంగా తిరగరాసి ఇవ్వాలి. మొన్న ఒక సీన్లో జడ్జిగారు సాక్షికి శిక్ష వేసేశారు! నెలకు పది వేలు. మాటలకు డబ్బులిస్తారని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇక నోటు. నీ నోటు ఆంటీకి ఇచ్చి, మిగతా బాకీ నా పేరు మీద రాసిస్తాను, అత్త నోటు కొట్టేయండి అన్నాను. వడ్డీతో కలిపి లక్షా పధ్నాలుగు వేలు అని లెక్క కూడా వేసి చూపించాను.

"వడ్డీ ఎవరడిగారు?"

"అత్త నోటులో రాసింది కదాంటీ."

"రాసింది ఆవిడ. ఇచ్చినదాన్ని నేను. నాకు రావాల్సినది నేను వదులుకుంటే నీకేంటి? ఆ హక్కు మీ పుస్తకంలో లేదా?"

ఉంది అత్తా. నిజంగా ఉంది. అరవై వేలకే రాశాను. నెలకు మూడు వేల చొప్పున తీరుస్తానని రాస్తుంటే ఆంటీ ఆపింది.

"ఆగు. నేను చెప్పింది రాయి. తెరెసాకి చెవి మిషను కొని, అది పనిచేస్తోందని తెరెసా స్వయంగా ఉత్తరం రాసిన తర్వాతే మొదటి కిస్తీ."

"అలా రాయకూడదాంటీ. ప్రో నోటులో షరతు ఉండకూడదు. ఉంటే అది ప్రో నోటే కాదు."

"అయితే ఏమవుతుంది?"

"ప్రో నోటని దీన్ని పట్టుకుని కోర్టుకెళితే నిలవదు."

"అస్సలు నిలవదా?"

"అస్సలు."

"మంచిది. మా వాడు కోర్టు జోలికి పోకుండా ఉంటాడు. రాయి."

సాంబారు బకెట్ పట్టుకుని నిలబడ్డ సుహాస్, "అమ్మా, ఇది ఎక్కడి డాక్యుమెంట్..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు వడ్డించరా."

రాశాను అత్తా. చదువుకున్నదంతా పక్కన పెట్టి, ఆవిడ చెప్పిన మాటలు చెప్పినట్టే రాశాను. స్టాంపు అంటించి సంతకం పెట్టాను. నా జీవితంలో నేను రాసిన మొదటి నోటు, పరీక్షలో రాస్తే సున్నా వస్తుంది. దాని మీద నన్ను ఎవరూ ఏమీ చేయలేరు. అయినా ప్రతి పైసా తీరుస్తానని సంతకం పెడుతున్నప్పుడే తెలిసిపోయింది. ఆవిడకూ తెలుసు. నాన్న సంతకం పెట్టేటప్పుడు చివర్లో గీత గీసేవాడే, నాకు తెలియకుండానే అలాంటి గీత నా చేతికీ వచ్చింది.

నీ పాత నోటును ఆంటీ నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేసింది. కొత్తది మడిచింది. స్వామి పటానికి ఇంకా మేకు కొట్టలేదు, బియ్యం డబ్బాకి ఆనించి ఉంది. దాని వెనకే పెట్టింది.

కాబట్టి ఇప్పుడు నువ్వు మిషను వద్దంటే కుదరదు. వద్దంటే నా అప్పు తీరడం మొదలవదు. ఈ నెల నుంచి నా జీతం అటే. ముందు ఒక చెవికి.

ఈ రోజు కూర గోంగూర మాంసం. పూజిత రెండుసార్లు పెట్టించుకుంది, నేను మూడుసార్లు.

నీ షాలిని


గుణదల
18 మే 2025

షాలూ తల్లీ,

కుడి చెవికి మిషను పెట్టారు. పనిచేస్తోంది. ఈ ముక్క నేను స్వయంగా రాస్తున్నాను, తేదీతో సహా. ఈ కాగితం తీసుకెళ్ళి సత్యలక్ష్మికి చూపించు.

మొదట నా కుట్టు మిషను వినిపించింది. ఇది ఇంత గోల చేస్తుందని ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదేం? తర్వాత పిల్లలు నా వెనకాల ఏమనుకుంటారో వినిపించింది. నన్ను 'వెనక వరస టీచరు' అంటారట. నేను గిరుక్కున తిరిగేసరికి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాచ్‌మన్ ఇప్పటికీ నాకు చెయ్యి ఊపే చెబుతున్నాడు, అలవాటైపోయింది. నేను కూడా చెప్పలేదు, వినిపిస్తోందని. రోజూ అంత ఓపిగ్గా ఊపినవాడు, ఉన్నట్టుండి ఆపమంటే బాగుండదు.

నిన్న నువ్వు ఫోనులో "అత్తా" అన్నావు. నేను మాట్లాడలేకపోయాను. పెట్టేశాననుకున్నావేమో. పెట్టేయలేదు, వింటూనే ఉన్నాను.

షరతు తీరింది కాబట్టి మొదటి కిస్తీ ఈ నెలే. మూడు వేలూ రేపే తీసుకెళ్ళి కట్టు. ఆలస్యం చేస్తే ఇప్పుడు ఫోనులో తిట్టగలను, గుర్తుంచుకో. కట్టాక అక్కడే భోజనం చెయ్యి.

ఏ కూర వండిందో రాయి. ఫోనులో చెప్పకు.

మీ అత్త
తెరెసా